లిస్టులో పేరు లేనోడికి ఇల్లు ఎవరిస్తారు?

పేదోడి ఇంటి గురించి మాట్లాడని పార్టీ మన దగ్గర లేదు. నలభై ఏళ్లుగా ఇల్లే ఓటు, ఓటే ఇల్లు. 1983 తర్వాత పక్కా ఇళ్లన్నారు. 2006లో ఇందిరమ్మ ఇళ్లన్నారు. 2015లో ఢిల్లీ వాళ్లు ప్రధానమంత్రి ఆవాస్ యోజన అన్నారు. ఆ వెనక ఎన్టీఆర్ ఇళ్లు, టిడ్కో అపార్టుమెంట్లు వచ్చాయి. 2020 డిసెంబరులో ‘పేదలందరికీ ఇళ్లు’ అని పట్టాలు పంచారు. పథకం పేరు మారింది, గోడ మీద రంగు మారింది, శిలాఫలకం మీద బొమ్మ మారింది. మారనిది ఒక్కటే. నెల్లిమర్ల రైల్వే స్టేషన్ బల్ల మీద, విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో, రామతీర్థం సత్రాల అరుగుల మీద రాత్రి పదింటికి నడుం వాల్చే మనిషి వీటిలో ఏ ఒక్క పథకంలోనూ లబ్ధిదారుడు కాలేదు. రేపు ఇంకో పథకం వచ్చినా కాలేడు. ఎందుకంటే ఇవేవీ అతన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు.

పథకాలన్నీ దండగ అని ఎవరూ అనరు. తాటాకు పాకల్లో తరాలు గడిపిన కుటుంబాలు లక్షల్లో స్లాబు కిందికి చేరాయి. అది చిన్న విషయం కాదు. కానీ ఇంటి స్థలం లేనోడు వేరు, తల దాచుకోవడానికి చోటే లేనోడు వేరు. మొదటివాడికి అద్దె కొంపో, అన్నదమ్ముల వసారానో, గెడ్డ ఒడ్డున గుడిసో ఉంటుంది. రేషన్ కార్డు ఉంటుంది. ఓటు ఉంటుంది. ఓటుంది కాబట్టి నాయకుడు అతని గుమ్మం తొక్కుతాడు. రెండోవాడికి గుమ్మమే లేదు, ఎవరు తొక్కుతారు? కార్డు అడిగితే చిరునామా కావాలంటారు. చిరునామా కావాలంటే ఇల్లుండాలంటారు. ఇల్లు కావాలంటే కార్డు తెమ్మంటారు. ఇది గానుగెద్దు తిరుగుడు. 2020 నాటి పట్టా ఇంటి ఆడపడుచు పేరు మీద ఇచ్చారు, మంచిదే. మరి ఇల్లూ ఇల్లాలూ రెండూ లేని ఒంటరి మగాడి సంగతేమిటి? మొగుడు తరిమేస్తే ఏ కార్డూ చేతపట్టకుండా బయటపడ్డ ఆడమనిషి సంగతేమిటి?

ఈ రెండో మనిషిని ఎలా ఇంట్లోకి చేర్చాలన్నదే ఈ వ్యాసం. జాలి కబుర్లు కాదు, ఎక్కడ ఏది చేస్తే ఫలితం వచ్చిందో, మన ఊళ్లో దాన్ని ఎలా చెయ్యొచ్చో చూద్దాం.

రెండూళ్ల లెక్కలోనూ లేని మనిషి

2011 జనగణనలో ఇల్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు. ఆరుబయట, రోడ్డు పక్కన, తూముల్లో, వంతెనల కింద, గుళ్ల దగ్గర, ప్లాట్‌ఫారాల మీద ఉన్నవాళ్లు ఆ లెక్కలోకి వస్తారు. దేశం మొత్తం మీద తేలింది 17.7 లక్షల మంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1.45 లక్షలు. 2001తో పోలిస్తే దేశంలో మొత్తం తగ్గింది, పట్టణాల్లో మాత్రం 7.78 లక్షల నుంచి 9.38 లక్షలకు పెరిగింది. పల్లెలో తగ్గి పట్నంలో పెరగడానికి ఒక్కటే అర్థం. పల్లెలో గూడు చెదిరినవాడు పట్నం ఫుట్‌పాత్ మీద తేలాడు.

ఉత్తరాంధ్ర వాళ్లకు ఈ లెక్క ఇంకో రకంగా చేదు. మనవాడికి ఊళ్లో ఒక పెంకుటిల్లో, సగం కట్టిన మొండి గోడలో ఉంటాయి. తలుపుకి తాళం ఉంటుంది, అరుగు మీద ముసలితల్లి ఉంటుంది. కాబట్టి ఊరి లెక్కలో అతనికి ఇల్లుంది. ఏడాదిలో పది నెలలు అతను పడుకునేది మాత్రం హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో, చెన్నైలోనో కడుతున్న బిల్డింగు సెల్లారులో. ఆ నగరం లెక్కలో అతను పనివాడే గాని నివాసి కాడు. అక్కడా లేడు, ఇక్కడా లేడు. మన ప్రాంతంలో ఇల్లు లేనితనానికి వలస అని మారుపేరు పెట్టాం. పేరు మార్చగానే సమస్య కనపడకుండా పోయింది.

2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో 11 అంతస్తుల భవనం కూలింది. 61 మంది చనిపోయారు. అందులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలు ఎంతమందో ఈ పత్రిక పాఠకులకు గుర్తు చెయ్యనక్కర్లేదు, శవపేటికలు మన ఊళ్లకే వచ్చాయి. 2020 లాక్‌డౌన్‌లో మన మత్స్యకారులు వేలమంది గుజరాత్ వెరావల్ రేవులో పడవల్లోనే వారాల తరబడి కూర్చున్నారు. పని ఆగిన రోజున వాళ్లకు ఆ ఊళ్లో తలుపన్నదే లేదని అప్పుడు లోకానికి తెలిసింది. పని చేయించుకునే యజమానే వసతి చూపించాలని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చెప్పింది, 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టమూ చెప్పింది. 2025 నవంబరులో వాటి స్థానంలో లేబర్ కోడ్‌లు వచ్చాయి. చట్టం పాతదైనా కొత్తదైనా మేస్త్రీ చూపించే వసతి సిమెంటు బస్తాల మధ్య పరిచిన టార్పాలినే. అద్దాల మేడలకు సెంట్రింగ్ కొట్టేది మనవాళ్లు. వాళ్ల నెత్తిన రేకు కూడా లేదు.

చేస్తున్నవి ఎందుకు పనిచేయడం లేదు

ఇంతవరకు మన పాలకులకు తెలిసిన దారులు మూడు. ఒకటి ఊరికి దూరంగా లేఅవుట్. రెండు రాత్రి షెల్టర్. మూడు లాఠీ.

లేఅవుట్ సంగతి మనకు కళ్ల ముందే ఉంది. విజయనగరం పక్కన గుంకలాంలో 397 ఎకరాలు, 12,301 ప్లాట్లు. 2020 డిసెంబరు 30న ముఖ్యమంత్రే వచ్చి ప్రారంభించారు. ప్లాటు ఒక సెంటు, అంటే 48 గజాలు. ఇంటికి సాయం లక్షా 80 వేలు. బేస్‌మెంటుకి ఇంత, లింటలుకి ఇంత, స్లాబుకి ఇంత అని బిల్లు దశల వారీగా పడుతుంది. ముందు మనం పెట్టుబడి పెట్టుకోవాలి, తర్వాత బిల్లు వస్తుంది. ‘ఇల్లు కట్టి చూడు’ అని పెద్దలు ఊరికే అనలేదు. చేతిలో నాలుగు రాళ్లున్నవాడు అప్పోసప్పో చేసి కడతాడు. రోజు కూలితో రోజు గడిచేవాడు పునాది దగ్గరే ఆగిపోతాడు. ఇక పొద్దున్నే పట్నంలో కూలి అడ్డాకు చేరాల్సినవాడికి రానూపోనూ ఆటో చార్జీలు రోజుకూలిలో ఒక వాటా మింగేస్తాయి. అందుకే పట్టా ఉన్నవాడు కూడా పని దగ్గరే ఎక్కడో పడుకుంటాడు. నెల్లిమర్ల మండలం సారిపల్లిలో విజయనగరం పేదల కోసం టిడ్కో అపార్టుమెంట్లు లేపారు. అవి కట్టిన తీరు మంచిదే కావచ్చు, కానీ అవీ లబ్ధిదారుల లిస్టు ఉన్నవాళ్లకే. అయిదేళ్లకోసారి ప్రభుత్వం మారితే ఆ లిస్టు కూడా మళ్లీ మొదటికొస్తుంది. మధ్యలో తాళాలు తుప్పుపడతాయి.

రెండోది షెల్టర్. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ లక్ష జనాభాకు కనీసం 100 మందికి శాశ్వత వసతి ఉండాలంది. మనిషికి 50 చదరపు అడుగులు, 24 గంటలూ తెరిచి ఉండాలి. 2011లోనే విజయనగరం పట్టణ జనాభా 2.28 లక్షలు. ఆ లెక్కన 200 మందికి పైగా చోటుండాలి. ఉందో లేదో ఒక రాత్రి వెళ్లి మంచాలు లెక్కపెట్టండి. సుప్రీంకోర్టు 2016 నవంబరులో జస్టిస్ కైలాష్ గంభీర్ కమిటీని వేయాల్సి వచ్చిందంటేనే షెల్టర్ల పేరుతో డబ్బులెలా నిద్రపోయాయో తెలుస్తుంది. 2024 సెప్టెంబరుతో ఆ మిషన్ గడువే ముగిసింది. ఇక లక్ష జనాభాకు అని కొలత పెట్టినప్పుడే నెల్లిమర్ల లాంటి నగర పంచాయతీ కొలత కిందికి జారిపోయింది. 2013లో నెల్లిమర్లను, జరజాపుపేటను కలిపి నగర పంచాయతీ చేశారు. పన్నులకు పట్టణమైంది, షెల్టరుకు మాత్రం పల్లెటూరుగానే మిగిలింది.

అసలు షెల్టర్ ఉన్నచోట కూడా మనుషులు ఎందుకు పోవడం లేదో ఆలోచించాలి. మూట ఎక్కడ పెట్టాలి? భార్యాభర్తలు విడివిడిగా పడుకోవాలి. తాగినవాడికి ప్రవేశం లేదు. మతి స్థిమితం లేనివాడికి అసలే లేదు. పొద్దున్నే లేచి బయటికి పోవాలి. షెల్టర్ ప్రాణం నిలబెడుతుంది, వాన నుంచి, చలి నుంచి కాస్తుంది. అది ఉండాల్సిందే. అయితే అది ఇల్లు కాదు. పదేళ్లు షెల్టర్లో పడుకున్నవాడు పదకొండో ఏడు కూడా ఇల్లు లేనివాడే.

మూడోది లాఠీ. 1977లోనే మనకు యాచక నిరోధక చట్టం ఉంది. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకి ఇవాంకా ట్రంప్ వస్తుందని హైదరాబాద్‌లో రెండు నెలలు యాచన నిషేధించారు. రోడ్ల మీద ఉన్నవాళ్లను ఏరి జైళ్ల ఆవరణలోని ఆశ్రమాలకు తరలించారు. సదస్సు అయిపోయింది, విమానం ఎగిరిపోయింది. తర్వాత ఏమైంది? మళ్లీ అదే కూడలి, అదే మనిషి. పేదరికాన్ని నేరం చేయడం కుదరదని 2018లో ఢిల్లీ హైకోర్టు, ఢిల్లీలో అమలవుతున్న బొంబాయి యాచక చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లను కొట్టేసింది. పేదవాణ్ణి పక్క వీధికి తరిమితే పేదలు తగ్గరు, పక్క వీధిలో పెరుగుతారు.

ముందు తలుపు, తర్వాతే మిగతావి

మరి ఎక్కడైనా తగ్గిందా? తగ్గింది.

ఫిన్లాండ్ చిన్న దేశం, చలి దేశం. 1980ల చివర్లో అక్కడ ఇల్లు లేనివాళ్లు 15 వేలకు పైనే. 2023 నాటికి 3,429కి దిగారు. చేసింది ఏమిటి? 2008లో అక్కడి ప్రభుత్వం ఆలోచనను తలకిందులు చేసింది. అంతకుముందు పద్ధతి మెట్లెక్కించడం. ముందు తాగుడు మానాలి, తర్వాత షెల్టర్లో బుద్ధిగా ఉండాలి, తర్వాత ఉద్యోగం చూసుకోవాలి, అప్పుడు ఇల్లు. ఆఖరి మెట్టు దాకా ఎక్కేవాళ్లు బహు కొద్దిమంది. దాన్ని మార్చి ముందే తాళంచెవి చేతికిచ్చారు. అతని పేరు మీదే అద్దె ఒప్పందం. అద్దె సాయం ప్రభుత్వానిది. తాగుడు, జబ్బు, అప్పు, ఉద్యోగం లాంటివన్నీ ఆ ఇంట్లో కూర్చుని సరిచేసుకోవడానికి మనుషులను తోడిచ్చారు. హెల్సింకీలో సాల్వేషన్ ఆర్మీ నడిపే 250 మంచాల షెల్టరును 81 ఫ్లాట్లుగా మార్చేశారు. ఆ నగరంలో 1985లో 2,121 షెల్టర్ మంచాలుండేవి, 2016కి 52 మిగిలాయి. మంచాలు తగ్గింది మనుషుల్ని గెంటేసి కాదు, ఇళ్లలోకి పంపి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. అద్దె సాయాలకు కోత పెట్టాక 2024లో అక్కడ మళ్లీ సంఖ్య కొంత పెరిగింది. చెయ్యి తీస్తే బండి వెనక్కి జారుతుంది.

దీని మూలం 1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబరిస్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టిన పని. కెనడా వాళ్లు దాన్ని గుడ్డిగా నమ్మలేదు. 2009 నుంచి 2013 దాకా అయిదు నగరాల్లో మానసిక జబ్బున్న రెండు వేల మందికి పైగా నిరాశ్రయుల మీద పరీక్షించి చూశారు. ముందే ఇల్లిచ్చిన వాళ్లు తమ కాలంలో 73 శాతం స్థిరమైన ఇంట్లో గడిపారు. పాత పద్ధతిలో ఉన్నవాళ్లు 32 శాతమే. ఇల్లివ్వగానే తాగుడు మాయమవుతుందని అనుకుంటే పొరపాటు, ఆ విషయంలో రెండు గుంపులకూ పెద్ద తేడా రాలేదు. కానీ తాగుబోతుకు కూడా ఇల్లు నిలుస్తుందని, ఇల్లు పొందడానికి సన్యాసి కానక్కర్లేదని తేలింది. అమెరికాలో హ్యూస్టన్ నగరం 2011 నుంచి ఇదే దారి పట్టింది. అక్కడి నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. వందకు పైగా సంస్థలు ఎవరి కొట్టు వాళ్లు నడుపుకోకుండా ఒకే జాబితా పెట్టుకున్నాయి. ఎవరు ఎక్కడ పడుకుంటున్నారు, ఏ గది ఖాళీ ఉంది అన్నది అందరికీ తెలుసు. ఇల్లు లేనివాళ్లు సగానికి పైగా తగ్గారు.

అవి డబ్బున్న దేశాలు, మనకెందుకూ అనేవాళ్లు చెన్నై దాకా వెళ్లి చూడొచ్చు. 1993లో వందనా గోపికుమార్, వైష్ణవీ జయకుమార్ అనే ఇద్దరు యువతులు రోడ్ల మీద మతి తప్పి తిరిగే ఆడవాళ్ల కోసం ‘ది బాన్యన్’ సంస్థ పెట్టారు. ఆశ్రమంలో కోలుకున్నా కొందరికి తిరిగి వెళ్లడానికి ఇల్లుండదు. ఇంట్లో వాళ్లు రానివ్వరు. ఏళ్ల తరబడి వార్డులోనే మగ్గాలా? 2015 నుంచి వాళ్లు మామూలు వీధుల్లో మామూలు ఇళ్లు అద్దెకు తీసుకుని నలుగురైదుగురు ఆడవాళ్లను కలిపి ఉంచుతున్నారు. వంట వాళ్లదే, బజారు వాళ్లదే, గొడవలూ వాళ్లవే. ఒక మనిషి తోడుగా ఉండి మందులు, ఆసుపత్రి చూస్తారు. ‘మళ్లీ ఇంటికి’ అన్న అర్థం వచ్చే పేరే పెట్టుకున్నారు దానికి. ఇది ఫిన్లాండ్ కాదు, తమిళనాడు. అద్దిల్లు, అన్నం, తోడొక మనిషి. ఇంతకు మించి పెట్టుబడి ఏముంది?

కారుతున్న కుండకు ముందు చిల్లు పూడ్చాలి

ఒకవైపు పదిమందిని ఇంట్లోకి చేరుస్తూ ఇంకోవైపు ఇరవై మందిని రోడ్డు మీదికి నెడుతుంటే ఏ పథకమూ గెలవదు. మన ప్రాంతంలో మనిషి రోడ్డున పడే దారులు కొత్తవి కావు, అందరికీ తెలిసినవే.

మొదటిది మిల్లు గేటు. నెల్లిమర్ల పేరు చెబితే జూట్ మిల్లు. హక్కులడిగి పోలీసు కాల్పుల్లో 1994 జనవరిలో కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్న గడ్డ ఇది. ఈ మిల్లుకు ఎన్నిసార్లు తాళం పడిందో, ఎన్నిసార్లు తీశారో కార్మికుల ఇళ్లలో పిల్లలు కూడా చెబుతారు. అవతల చిట్టివలస జూట్ మిల్లుకు 2009లో లాకౌట్ పడింది. మిల్లు క్వార్టరైనా, ఊళ్లో అద్దిల్లైనా నెల జీతం మీదే నిలబడుతుంది. జీతం ఆగిన మూడో నెల ఇంటి ఓనరు గుమ్మంలో నిలబడతాడు. సరిగ్గా ఆ మూడు నెలల అద్దె ఎవరన్నా కడితే ఆ కుటుంబం నిలబడుతుంది. కట్టకపోతే సామాను అమ్ముకుని హైదరాబాద్ బస్సెక్కుతుంది. రోడ్డున పడ్డాక లేపడం కన్నా పడకుండా పట్టుకోవడం ఎప్పుడూ చవక.

రెండోది ప్రాజెక్టు. భోగాపురం విమానాశ్రయానికి మరడపాలెం, ముడసర్లపేట లాంటి ఊళ్లు లేచిపోయాయి. తారకరామ తీర్థసాగరం, వంశధార ముంపు గ్రామాల గోడు విననివారు లేరు. 2013 భూసేకరణ చట్టం సాగునీటి ప్రాజెక్టుల్లో ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలంది. చట్టం చదివితే చాలదు, పట్టుకుని నిలబడాలి. పైగా పరిహారం లెక్కల్లో ఇంటి యజమాని ఉంటాడు గాని ఆ ఇంట్లో వసారాలో బతికే విధవ చెల్లెలు, అద్దెకున్న కూలి, గొడ్ల సావిట్లో పడుకునే ముసలి పాలేరు ఉండరు. ఊరు లేచినప్పుడు గూడు పోయేది ముందు వాళ్లకే.

మూడోది ఆసుపత్రి గేటు. వైద్యం అయిపోయింది, డిశ్చార్జి కాగితం చేతికొచ్చింది, తీసుకెళ్లేవాళ్లు లేరు. ఆ మనిషి బస్టాండుకి కాక ఎక్కడికి పోతాడు? ఉత్తరాంధ్ర మొత్తానికి మానసిక వైద్యానికి పెద్ద దిక్కు విశాఖ చినవాల్తేరు ఆసుపత్రి. 2017 మానసిక ఆరోగ్య చట్టం రోడ్డు మీద దిక్కులేక తిరిగే రోగిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ వైద్యానికి చేర్చే బాధ్యత పోలీసు స్టేషన్ మీద పెట్టింది. కోలుకున్నవాడు సమాజంలో బతికే హక్కూ రాసింది. తీసుకెళ్లడానికి వ్యాను ఉంది, తిరిగి రావడానికి ఇల్లే లేదు.

నాలుగోది సొంతింటి గుమ్మమే. పిల్లలు వలసపోయాక మిగిలిన ముసలివాళ్లు. జిల్లాకు కనీసం 150 మందికి సరిపడే వృద్ధాశ్రమం ఉండాలని 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో ఉంది. మన జిల్లాలో ఆ 150 మంచాలెక్కడో కలెక్టరేట్‌లో అడగాల్సిన ప్రశ్న.

నెల్లిమర్లలో మొదలుపెట్టవచ్చు

పెద్ద నగరంలో ఈ పని కష్టం. వేలమంది, వంద శాఖలు, ఎవరికెవరో తెలియదు. నెల్లిమర్ల లాంటి ఊళ్లో ఇదే పని సులువు. ఇక్కడ ఇల్లు లేనివాళ్లు పదుల్లో ఉంటారు, టీకొట్టువాడికి వాళ్ల పేర్లు కూడా తెలుసు. పదుల్లో ఉన్న సమస్య తీరదంటే నమ్మలేం. తీర్చాలన్న మనసు కావాలి.

మొదటి పని పేర్ల జాబితా. సంఖ్య కాదు, పేర్లు. ఒక రాత్రి స్టేషనూ, బస్టాండూ, మార్కెట్టూ, గుడి అరుగులూ తిరిగి ఎవరు, ఏ ఊరు, ఎన్నాళ్లుగా, ఏం జబ్బు, ఏం పని చేయగలడు అని రాయాలి. ప్రతి మూడు నెలలకూ ఆ జాబితా సరిచూడాలి. జాబితాలో పేరుంటే చాలు, అదే చిరునామా అనుకుని ఆధార్, రేషన్, పింఛను ఇప్పించాలి. ఈ ఒక్క పనితో గానుగెద్దు కట్టు తెగుతుంది.

రెండోది అద్దె. అందరికీ సొంత ఇల్లు అన్న మాట దగ్గరే మన ఆలోచన ఆగిపోయింది. ఒంటరి మనిషికి, వయసుమళ్లినవాడికి, మూడు నెలలు ఉండి పోయే కూలికి కావాల్సింది పని దగ్గర ఒక గది. ఒక లెక్క చూడండి. నెల్లిమర్లలో ఒక గది అద్దె నెలకు 3 వేలు అనుకుందాం. 2020 నాటి పథకంలో ప్రభుత్వం ఒక్క ఇంటికి పెట్టిన లక్షా 80 వేలతో ఒక మనిషికి అయిదేళ్లు అద్దె కట్టొచ్చు. అదీ ఇవాళే, పునాది తవ్వకుండా. ఇందుకు దారీ ఉంది. లాక్‌డౌన్ దెబ్బ చూశాక కేంద్రమే 2020లో ఖాళీగా ఉన్న ప్రభుత్వ ఇళ్లను వలస కూలీలకు చవకగా అద్దెకివ్వాలని పథకం తెచ్చింది. 2024లో వచ్చిన కొత్త ఆవాస్ యోజనలోనూ అద్దె ఇళ్లకు విడిగా చోటు పెట్టారు. టిడ్కో సముదాయాల్లో ఎవరూ చేరకుండా మిగిలిన ఫ్లాట్లుంటే, ఊళ్లో వాడకం లేని ప్రభుత్వ క్వార్టర్లుంటే, అవి కూలేదాకా చూస్తూ కూర్చోవాలా?

మూడోది తోడు మనిషి. తాళంచెవి ఇచ్చి చేతులు దులుపుకుంటే మూడో నెలలో ఆ మనిషి మళ్లీ స్టేషన్ బల్ల మీద ఉంటాడు. పదిమందికి ఒకరు చొప్పున వారానికి రెండుసార్లు తలుపు తట్టేవాళ్లు కావాలి. మాత్ర వేసుకున్నావా, పింఛను వచ్చిందా, పక్కింటివాళ్లతో గొడవా అని అడిగే ఒక గొంతు. వార్డు సచివాలయం ఉంది, ఆశా కార్యకర్త ఉంది, డ్వాక్రా సంఘాలున్నాయి. కొత్త శాఖ అక్కర్లేదు, ఈ పని ఫలానావారిదని ఒక ఉత్తర్వు చాలు. వాళ్ల చాకిరీకి జీతం కూడా కలపాలి, ఊరికే నెత్తిన రుద్దితే కుదరదు.

నాలుగోది ఆపద నిధి. మిల్లు మూసినా, యజమాని చచ్చినా, మంచం పట్టినా మూడు నెలల అద్దె చేతికందించే నిధి నగర పంచాయతీ దగ్గర ఉండాలి. ఆసుపత్రుల నుంచి, మానసిక ఆసుపత్రి నుంచి, జైలు నుంచి బయటికి వచ్చే దిక్కులేనివాడి కబురు ముందే పంచాయతీకి చేరాలి.

అడిగే ప్రశ్నలకు జవాబులు

ఊరికే ఇస్తే సోమరులైపోతారని కొందరంటారు. స్టేషన్‌లో పడుకున్నవాడి రాత్రి ఎలా ఉంటుందో వీళ్లకు తెలీదు. రాత్రి రెండింటికి పోలీసు లేపుతాడు, నాలుగింటికి కుక్క లేపుతుంది, సంచి ఎవడో ఎత్తుకుపోతాడు. కంటి మీద కునుకు లేనివాడిని ఆరింటికి అడ్డా మీద ఏ మేస్త్రీ పిలుస్తాడు? స్నానం లేనివాడికి ఏ హోటలువాడు పనిస్తాడు? ఇల్లు పనికి బహుమానం కాదు, పనికి పెట్టుబడి.

పక్క ఊళ్ల వాళ్లంతా మన ఊరికి వచ్చిపడతారని ఇంకొందరి భయం. అందుకే ఇది ఒక్క ఊరి పని కాదంటున్నాం. నెల్లిమర్లలో మొదలై విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం, శ్రీకాకుళం, పలాస దాకా ఒకే జాబితా పద్ధతి నడిస్తే ఎక్కడి మనిషికి అక్కడే చోటు దొరుకుతుంది. అయినా ఒక మాట. మనవాళ్లు లక్షలమంది ఊరూరా పోయి బతుకుతున్నారు. ఆ ఊళ్లవాళ్లు కూడా మనలాగే తలుపులేసుకుంటే?

ఉద్యోగ మిత్రులకు ఒక మనవి. ఆధార్ లేదనో, చిరునామా లేదనో వెనక్కి పంపే కౌంటరు మీలో ఎవరిదో ఒకరిది. ఒక్క దరఖాస్తు వెనక్కి పంపకుండా, చేయాల్సిన దారి వెతికి రాయండి. విద్యార్థులకు ఇంకో మనవి. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడి పడి, చివరికి 2027 మార్చి 1 ప్రాతిపదిక తేదీగా నోటిఫికేషన్ వచ్చింది. ఇల్లు లేనివాళ్లను లెక్కించే రాత్రి మీ ఊళ్లో ఎన్యూమరేటర్ వెంట మీరూ తిరగండి. ఆరుబయట ఉన్న ఒక్క మనిషి కూడా తప్పిపోకూడదు. అంతవరకు ఆగక్కర్లేదు కూడా. ఈ నెలలోనే ఒక రాత్రి నలుగురు కలిసి నోటుబుక్కు పట్టుకుని మొదటి జాబితా రాయొచ్చు. రాసింది కమిషనర్ బల్ల మీద పెట్టి, నకలు మీద రసీదు ముద్ర వేయించుకోవచ్చు. ముద్ర పడిన కాగితానికి జవాబు చెప్పక తప్పదు.

మన ప్రాంతానికి మన అధికారం కావాలని అడుగుతున్నాం. నీళ్లు, నిధులు, నియామకాలు అంటున్నాం. సరే. రేపు ఆ అధికారం చేతికొచ్చిన రోజున మొదటి ఉత్తర్వు ఎవరి కోసం రాస్తామన్నది ఇవాళే తేల్చుకోవాలి. ఓటు లేనివాణ్ణి, కార్డు లేనివాణ్ణి, రేపు మీటింగుకి రాలేనివాణ్ణి కూడా మనవాడే అనగలిగితేనే ఆ అడగడానికి అర్థం ఉంటుంది. రాజధాని ఎక్కడన్న తగువు తెగేదాకా ఆగలేని మనుషులు ఈ రాత్రి కూడా ఆరుబయటే పడుకుంటారు. ముందు వాళ్ల పేర్లు రాద్దాం.